వేడి మెషీను, చల్లని నేల

సంచి అడుగున రెండు గళ్ళ తువ్వాళ్ళు పరిచి, వాటి మీద మొగుడు తవిన్ చొక్కాలు పెట్టింది ఉరై. చొక్కాల మధ్యలో రొయ్యపొట్టు కారం సీసా ఇరికించింది. సీసా పగిలితే చొక్కాలన్నీ పాడవుతాయని అంతలోనే తోచి, బయటికి తీసి, తన పాత గుడ్డముక్కలో చుట్టి మళ్ళీ లోపల పెట్టింది. అరిటాకులో కట్టిన ఎండు చేపలు ఒక పక్కన, తలనొప్పి మందు డబ్బీ ఇంకో పక్కన. ఎడారిలో తలనొప్పి వస్తుందో రాదో ఆమెకి తెలీదు. వస్తే నుదుటికి రాసేవాళ్ళు ఉండరని మాత్రం తెలుసు. సంచి మూతి లోపలివైపు ఎర్రదారంతో మొగుడి పేరూ ఊరి పేరూ నిన్ననే కుట్టి పెట్టింది. సంచి దొరికితే మనిషీ దొరుకుతాడని ఆమె నమ్మకం.

క్రితం వారం మనం ఈ ఇంట్లోంచి బయటికొచ్చేసరికి ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఎందుకో ఒకసారి గుర్తు చేసుకుంటే మంచిది. సుఫన్ జిల్లాలోని ఆ కాలవ పొడుగునా ఏ గుడిలో ఉత్సవం జరిగినా మైకుసెట్టు తవిన్‌దే. వాల్వులతో పనిచేసే పాత మెషీను, వాళ్ళ గురువు చేతి మీదుగా వచ్చింది. ఉరై తమ్ముడు వినై ఆ మెషీను దగ్గరే పని నేర్చుకుని, బాంకాక్ వెళ్ళి, ట్రాన్సిస్టర్ల మెషీను కొనుక్కొచ్చి వేరే దుకాణం పెట్టాడు. ఒక కాలవకి రెండు గొంతులెందుకని గుడిపెద్దలు పందెం పెట్టారు. గెలిచినవాడే ఇకమీదట గుడికి గొంతు. ఓడినవాడికి ఈ కాలవ మీద పని ఉండదు.

తవిన్ తాను ఓడినట్టే లెక్క వేసుకున్నాడు. ఎడారి దేశానికి కరెంటు పనివాళ్ళని పంపే ఏజెంటు దగ్గరికి వెళ్ళి, పందెం రోజు సాయంత్రమే బండి ఎక్కుతానని మాటిచ్చి వచ్చాడు. ఆ సంగతి వినైకి తెలిసింది. గురుపూజ నాడు దండ వేసిన మెషీను ముందు నిలబడి, సారా గ్లాసు చేతిలో పట్టుకుని, ఊరందరూ వింటూండగా అన్నాడు: "బావ ఒక్కడికేనా మాట ఉంది? ఓడినవాడు ఆ బండి ఎక్కుతాడు. నేను ఓడితే నేనే ఎక్కుతా." జనం చప్పట్లు కొట్టారు. వినై ఓడే మాట లేదు కాబట్టి, ఆ మాటని ఎవరూ మనసులో పెట్టుకోలేదు.

ఇవాళే ఆ పందెం. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు.

తవిన్ మెట్ల కింద, నీడలో, మెషీను ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక్కో వాల్వునీ ఊడదీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్ళీ గుచ్చుతున్నాడు. మామూలు రోజయితే ఇంకాసేపట్లో స్విచ్చి వేసేవాడు. సాయంత్రం ఉత్సవమంటే మధ్యాహ్నం నుంచే మెషీనుని వెలిగించి పెట్టడం అతని అలవాటు. "మెషీను కూడా మనిషి లాంటిదే. నిద్ర లేవాలి, ఒళ్ళు విరుచుకోవాలి, మొహం కడుక్కోవాలి. అప్పుడు గానీ గొంతు పెగలదు," అనేవాడు. గంట కొట్టేదాకా జనరేటరు తిప్పకూడదని, ఎవరి మెషీనూ ముందుగా వెలిగించకూడదని వినై పట్టుబట్టి షరతు పెట్టించాడు. వాడి ట్రాన్సిస్టర్లకి వేడెక్కే పని లేదు. అక్కడే తవిన్‌కి వెన్ను విరిగింది.

మెట్ల మీద కూర్చున్న అతని తల్లి పిన్ అవ్వ తమలపాకు నములుతూ కొడుకునే చూస్తోంది.

"పెళ్ళినాడూ ఇంతే వీడు," అంది కోడలితో. "పొద్దున కూర్చోబెడితే, మాట బయటికి రావడానికి సాయంత్రమైంది. మెషీనుని అని ఏం లాభం."

"నువ్వూరుకో అమ్మా," అన్నాడు తవిన్ తల ఎత్తకుండా.

"ఊరుకుంటాలే. నువ్వు పోయాక ఎవరితో మాట్లాడతాను? ఊరుకోవడమేగా మిగిలింది."

ఉరై సంచి మూతికి తాడు ఎక్కిస్తోంది. అప్పుడే గుడిలో డోలు మోగింది. భిక్షువుల మధ్యాహ్న భోజనం వేళ కొట్టే డోలు. ఉరై చెయ్యి ఆగిపోయింది. డోలు దెబ్బ వినపడీ వినపడనట్టుంది, దుప్పటి కింద కొట్టినట్టు. తెల్లవారుజామున ఇదే డోలు, ఇదే చేత్తో కొడితే, ఇంట్లో గిన్నెలు అదురుతాయి. పక్కనే నిలబడి కొట్టినట్టు ఉంటుంది.

ఆమె తాడు వదిలేసింది. మొగుడి మెషీనుని ఆమె దగ్గర నుంచి విన్నది తక్కువ. మెషీను పెట్టిన తావుకి ఆడవాళ్ళు దగ్గరగా వెళ్ళకపోవడం అక్కడి పద్ధతి. ఉత్సవానికి వచ్చినవాళ్ళకి వంటలు చేసేది కాలవ వంపు దగ్గర. ఆమె విన్నదంతా అక్కడినుంచే, పొగలో కళ్ళు తుడుచుకుంటూ. ఒక ఏడు జనరేటరు చెడిపోయి, సాయంత్రం దాకా బాగవలేదు. దీపాలు పెట్టే వేళకి తవిన్ మెషీనుని అలాగే, చల్లగానే, మోగించాడు. పాట వంపు దాకా ముత్యాల్లా వచ్చింది. ఇంకో ఏడు, పెద్ద భిక్షువు దహనం రోజున, మెషీను ముందురోజు రాత్రి నుంచీ వెలుగుతూనే ఉంది. అంత వేడెక్కిన మెషీను నడిమధ్యాహ్నం పాడితే, వంపు దగ్గర ఒక్క మాట అర్థం కాలేదు. రెండూ ఆమె మనసులో విడివిడిగా పడి ఉన్నాయి ఇన్నేళ్ళూ. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

లేచి మెట్లు దిగింది.

"ఇదిగో, ఒక మాట. గుడి డోలు పొద్దున వినపడినట్టు ఇప్పుడు వినపడిందా నీకు?"

"డోలు సంగతి ఇప్పుడెందుకు?"

"వినపడిందా లేదా చెప్పు."

"ఎండలో ఎప్పుడు వినపడింది గనక."

"మరి డోలుకి వాల్వులు లేవుగా. పొద్దున దాన్ని ఎవరు వేడెక్కించారు?"

తవిన్ చేతిలో వాల్వు అలాగే ఉండిపోయింది. ఉరై మట్టిలో కూర్చుంది, మెషీనుకి కొంచెం దూరంగా. తనకి తట్టింది తట్టినట్టు చెప్పుకుపోయింది. ఎండకి నేల పొయ్యిలా కాలుతుంది, పొయ్యి మీద పొగ పైకే పోతుంది, మాట కూడా అలాగే పైకి పోతోంది. పొద్దు వాలాక గడ్డి తగలబెడితే పొగ లేవదు, పొలం మీదే పరుచుకుని పాకుతుంది. మాట కూడా అలాగే నేల పట్టుకుని వస్తుంది. "నువ్వు మధ్యాహ్నం స్విచ్చి వేస్తావు. సాయంత్రానికి గొంతు బాగుంటుంది. మెషీను వేడెక్కింది అనుకుంటావు. నేల చల్లబడిందని నేను అంటాను."

"పాతికేళ్ళ నుంచి మెషీను పక్కన కూర్చుంటున్నాను నేను."

"అందుకే నీకు మెషీనే తెలిసింది. దూరంగా ఉన్నదాన్ని, నాకు గాలి తెలిసింది."

"అయితే పాతికేళ్ళూ నేను వేడెక్కించిందేంటి?" అతని గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. "మా గురువు వేడెక్కించింది ఏంటి?"

మొగుడిని ఓడించడం ఉరైకి ఇష్టం లేదు. "వాల్వులు ఎర్రబడాలి, అది నిజం. బియ్యం కడిగి పొయ్యి మీద పెడితే, పొంగు వచ్చేంతసేపు చాలదూ? మొదటి పాటలో కాస్త గరగర ఉంటుంది, అది నేనూ విన్నాను. తర్వాత లేదు. మిగిలిన పూటంతా మాత్రం మెషీను కోసం కాదేమో అనిపిస్తుంది నాకు."

పిన్ అవ్వ పైనుంచి అంది: "ఇన్నాళ్ళూ చెప్పవే, తల్లీ? ఎంత డీజిలు తగలబెట్టాడు నా కొడుకు."

తవిన్ నవ్వలేదు. మాటలో నిజం పట్టుకుంది అతన్ని. కానీ ఆ నిజం చేతికి అందేది కాదు, అందుకు అడ్డం ఉంది. పందెంలో పెద్ద మెషీను ముందు పలకాలి. వయసులో పెద్దదానికి ముందు చోటు, అది గౌరవం. అంటే తవిన్ మెషీను ఎండలో పలుకుతుంది, వినై మెషీను చల్లబడ్డాక పలుకుతుంది.

"పెద్దరికం వాడికి ఇచ్చెయ్," అంది ఉరై.

"ఏమన్నావు?"

"మీ మెషీనే పెద్దది, ముందు మీరే కానివ్వండి అని, దండ వాడి మెషీనుకి వెయ్యి."

"గురువు చేతి మెషీనుని, ఊరందరి ముందూ చిన్నది అనమంటావా నన్ను? మొన్న పుట్టిన డబ్బాకి దండ వెయ్యమంటావా?"

ఉరై లేచి, మెట్లెక్కి, సంచి తీసుకొచ్చి అతని ముందు పెట్టింది. మూతి ఇంకా కట్టలేదు. ఎండు చేపల వాసన వేస్తోంది.

"దీని మూతి కట్టమంటావా, విప్పమంటావా?" అని అడిగింది. "అది చెప్పు. గౌరవం సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

* * *

కోతలైపోయిన పొలం. పొద్దు పడమటికి తిరిగినా ఎండ తగ్గలేదు. మొదళ్ళు ఎండి కాళ్ళకి గుచ్చుకుంటున్నాయి. నడుమన వెదురు గడ ఎత్తారు, దాని కొసన నాలుగు పెద్ద మైకు బూరలు నాలుగు పువ్వుల్లా విచ్చుకుని ఉన్నాయి. గడా బూరలూ జనరేటరూ ఇద్దరికీ ఒకటే. మెషీను ఒక్కటే ఎవరిది వాళ్ళది. చాలా దూరంలో, పొలం దాటి కాలవ గట్టు మీద, తాటాకు పాక. తీర్పరులు ముగ్గురూ అక్కడ బూరలకి వీపు పెట్టి కూర్చుంటారు. వాళ్ళలో పెద్దవాడు చువన్ తాత. పళ్ళు లేవు, చూపు లేదు, చెవి మాత్రం పాముకున్నంత అని పేరు.

తీర్పు పద్ధతి తేలిక. ముందు ఒక పాట మోగించాలి. తర్వాత గుడికి దానం ఇచ్చినవాళ్ళ పేర్లు, వాళ్ళు ఇచ్చిందేమిటో, మైకులో చదవాలి. ఎవరి కాగితంలో ఏ పేర్లున్నాయో తీర్పరులకి తెలీదు. వాళ్ళు విన్న పేర్లు విన్నట్టు తిరిగి చెప్పాలి. ఎవరి పేర్లు ఎక్కువ చేరితే వాళ్ళు గెలిచినట్టు. దానం చేసినవాడి పేరు నాలుగూళ్ళకీ వినపడకపోతే పుణ్యం సగమేనని ఆ కాలవ మనుషుల నమ్మకం. మిగతా సగం కోసమే మైకుసెట్టు.

రోడ్డు మీద చింతచెట్టు కింద ఏజెంటు బండి ఆగి ఉంది. ఆ బండిని చూడకుండా ఉండాలని ఉరై ఎంత అనుకున్నా, కళ్ళు అటే పోతున్నాయి.

వినై కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. చిన్నప్పుడు కాలవలోకి ఎక్కడపడితే అక్కడినుంచి దూకేవాడని ఉరై వాడిని కప్ప అని పిలిచేది. తల్లి పోయాక వాడికి అన్నం కలిపి పెట్టిందీ, వాడి చొక్కాలు ఉతికిందీ ఆమే. ఇప్పుడు ఊరంతా కప్పనే అంటారు, అక్క అన్నంత ముద్దుగా కాకపోయినా.

"బావా, ఎలా ఉంది నీ ముసలాడు?" అన్నాడు వినై, తవిన్ మెషీను వైపు గడ్డం చూపిస్తూ. "లేచాడా ఇంకా పడుకునే ఉన్నాడా? వాడు లేచి మొహం కడుక్కునేలోపు నావాడు పాట పాడి, భోంచేసి, పడుకుంటాడు."

జనం నవ్వారు. తవిన్ దండ పట్టుకుని లేచాడు. ఆ క్షణం దాకా మొగుడు ఏం చేస్తాడో ఉరైకి తెలీదు, ఇంట్లో చెప్పలేదు.

తవిన్ నెమ్మదిగా నడిచి వెళ్ళి వినై మెషీను ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మల్లెపూల దండ దాని ముందు పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"ఈ మెషీను శక్తిలో పెద్దది," అన్నాడు, అందరికీ వినపడేలా. "నాది వయసులోనే పెద్దది. ముందు చోటు దీనిది. నేను వెనక."

ముసలివాళ్ళు కొందరు తలలు దించుకున్నారు. ఎవరో వెనకనుంచి "పాపం, ముందే లొంగిపోయాడు" అన్నారు. తవిన్ మెడ ఎర్రగా కందిపోయింది. లేచి, వెనక్కి చూడకుండా తన మెషీను దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

వినై కాసేపు తటపటాయించాడు. వాడికీ సిగ్గేసింది, పని నేర్పినవాడు తన ముందు మోకరిల్లాడని. కానీ ముందు చోటు ఎవరైనా ఇస్తే వద్దనడం ఆ మైదానంలో ఎన్నడూ లేదు. పైగా అంతకంటే పెద్ద గౌరవం ఏ గుడిపెద్దలూ ఇవ్వలేరు. ఛాతీ విరిచి గంట కొట్టేవాడికి సైగ చేశాడు.

"పెళ్ళాం దగ్గర నేర్చుకున్నాడురా, వంగడం," అని ఎవరో అంటే, పిన్ అవ్వ అటు తిరిగి, "మీ ఇంట్లో ఎవరు వంగుతారో కాలవంతా తెలుసులే," అంది.

గంట మోగింది. జనరేటరు దడదడలాడింది. వినై స్విచ్చి వేశాడో లేదో పాట ఎగిరిపడింది. గడ కింద నిలబడ్డవాళ్ళ గుండెల్లో దడ పుట్టింది. కుక్కలు పరుగెత్తాయి. అంత శబ్దం ఆ పొలంలో ఎవరూ వినలేదు. ఉరై మాత్రం శబ్దం వైపు చూడలేదు. మొదళ్ళ మీద గాలి మరుగుతున్న నీళ్ళలా కదలడం, దాని వెనక తాటాకు పాక వంకర్లు పోవడం చూస్తూ నిలబడింది. తను అనుకున్నది తప్పయితే, మొగుడిని ఊరందరి ముందూ మోకరిల్లేట్టు చేసి, పైగా బండి ఎక్కించినట్టవుతుంది.

పాటయింది. వినై పేర్లు చదివాడు, దర్జాగా, ఒక్కో పేరునీ సాగదీస్తూ. గడ కింద జనం ఈలలు వేశారు.

ఇక రెండో మెషీనుకి తీగలు మార్చాలి. మార్చేముందు దానికీ గురుపూజ చెయ్యాలి. పూజ చెయ్యవలసింది ఇంటికి పెద్ద, అంటే పిన్ అవ్వ. ఆ ఒక్క పనికి ఆడవాళ్ళు మెషీను దగ్గరికి రావచ్చు. ఉరై ఆమె చెవిలో ఏదో అంది. అవ్వ తల ఊపింది. కొవ్వొత్తి వెలిగించింది, గాలికి ఆరిపోయిందంది, మళ్ళీ వెలిగించింది. గురువుల పేర్లు చదువుతూ మధ్యలో ఒక పేరు మరిచిపోయి, మొదటినుంచీ ఎత్తుకుంది. ఆకు నోట్లో పెట్టుకుని దేవుడితో మాట్లాడకూడదని ఉమ్మి వచ్చింది. నోరు కడుక్కుంది. ఏజెంటు బండిలోంచి హారను కొట్టాడు.

"తొందరేముంది నాయనా," అంది అవ్వ అటు తిరిగి. "ఎడారి ఎక్కడికీ పోదు."

పొద్దు తాటిచెట్ల తలలు దిగింది. దూరాన ఎవరో గడ్డి తగలబెట్టారు. ఉరై ఆ పొగనే చూస్తోంది. మొదట నిటారుగా లేచింది. కాసేపటికి ఒంగింది. ఆ తర్వాత చాపలా పరుచుకుని, పొలం మీద పాకడం మొదలుపెట్టింది. పాక వంకర్లు పోవడం మానేసి, చేత్తో గీసినట్టు నిలబడింది.

ఆమె మొగుడి వైపు చూసి కళ్ళతోనే ఇక కానిమ్మంది.

గంట మోగింది. వాల్వుల్లో ఎరుపు మెల్లగా పుట్టింది, బూడిద కింద నిప్పు ఊదినట్టు. తవిన్ అలవాటు కొద్దీ ఆగాడు. జనం గొణిగారు. వినై చేతులు కట్టుకుని నవ్వాడు. ఉరై చెప్పినట్టే, బియ్యం కుండకి పొంగు వచ్చేంతసేపు ఆగి, తవిన్ ముల్లు పాట రికార్డు మీద పెట్టాడు.

మొదటి వరసలో గరగర వచ్చింది. తర్వాత లేదు. దగ్గర నిలబడ్డవాళ్ళకి అది పెద్ద శబ్దంగా తోచలేదు. వినై మెషీనుతో పోలిస్తే గుసగుసలాగే ఉంది. ఎవరో "అయిపోయిందిలే" అని తువ్వాలు దులుపుకున్నారు. పాటయ్యాక తవిన్ పేర్లు చదివాడు, సాగదీయకుండా, అన్నం వడ్డించినట్టు ఒక్కొక్కటీ. చివర దగ్గాడు. మైకు కట్టెయ్యడం మరిచిపోయాడు.

* * *

తీర్పరులు పాక దిగి పొలం మీదుగా నడిచి రావడానికి చాలాసేపు పట్టింది. చువన్ తాత కర్ర పొడుచుకుంటూ ముందు నడిచాడు. గడ కింద జనం దారి ఇచ్చారు. ఉరై సంచి గుండెకి హత్తుకుని నిలబడింది. మూతి ఇంకా కట్టలేదు.

"ముందు పలికినవాడు," అన్నాడు తాత. "పాట వచ్చింది. రాలేదని అనను. దేని గురించి పాడారో చెప్పలేను. పేర్లలో వంతెన పక్క తోంగ్‌బాయ్ పేరు వచ్చింది. ఆమె ఇచ్చింది బియ్యమో, సిమెంటో తెలీలేదు. ఇంకొకాయన పేరు సగం వచ్చింది, సగం ఆకాశంలోకి పోయింది. మిగతావాళ్ళ పుణ్యం కొంగలు తిని ఉంటాయి."

నవ్వులు లేచాయి. వినై మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తీయడం మరిచినట్టు.

"వెనక పలికినవాడు." తాత గొంతు సవరించుకున్నాడు. పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. కాగితం పట్టుకున్న భిక్షువు ఒక్కో పేరుకీ తల ఊపుతున్నాడు. రేవు దగ్గర పడవలు చేసే అతను, పలకలు. గుడ్లమ్మే అక్కచెల్లెళ్ళు, కొబ్బరికాయలు. చనిపోయిన కూతురి పేరు మీద ఒక తల్లి, కుండ నూనె. ఆ తల్లి జనంలోనే ఉంది, కూతురి పేరు విని కళ్ళు ఒత్తుకుంది. తాత ఎక్కడా ఆగలేదు. కాగితం అయిపోయింది. భిక్షువు కాగితం మడిచాడు. తాత ఆపలేదు.

"తర్వాత ఎవరో దగ్గారు," అన్నాడు. "తర్వాత ఒక ముసలామె, 'చాల్లే, వాడికి పొద్దుటినుంచీ తిండి లేదు, ఆ డబ్బా ఆపమనండి' అంది. ఆమె ఎవరికి ఏం దానం చేసిందో చెప్పలేదు. మరి రాసుకోమంటారా?"

పొలం పొలమంతా విరగబడి నవ్వింది. ఎవరో డప్పు అందుకున్నారు. తవిన్‌ని భుజాల మీద ఎత్తారు. అతను పైనుంచి, అందరి తలల మీదుగా, ఉరైని వెతుక్కుంటున్నాడు. ఆమె కనపడగానే రెండు చేతులూ జోడించాడు, ఇందాక వినై మెషీనుకి జోడించినట్టే. పాతికేళ్ళ కాపురంలో ఆమెకి అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు. అంత సంతోషమూ కలగలేదు. పిన్ అవ్వ ఎవరితోనో అంటోంది: "నా గొంతు చూశావా, ఏ మెషీనూ వేడెక్కించనక్కర్లేదు."

వినై జనాన్ని తప్పించుకుని తవిన్ దగ్గరికి వచ్చాడు.

"ముందునుంచీ వెలిగించకుండా ఎలా బావా? వేడెక్కకపోతే నీ ముసలాడు పలకడుగా. నువ్వే చెప్పేవాడివి."

"మీ అక్కని అడుగు," అన్నాడు తవిన్, కిందికి దిగుతూ.

ఉరై చెప్పింది. డోలు సంగతీ, పొగ సంగతీ. వాడు నోరు కొంచెం తెరుచుకుని విన్నాడు, చిన్నప్పుడు కథలు విన్నట్టు.

"నీ మెషీనుది తప్పు కాదురా," అంది. "రెండూ ఒకే వేళ పలికి ఉంటే ఎవరు గెలిచేవాళ్ళో నాకూ తెలీదు."

ఆ సంగతి ఆమెకి ఆ రోజూ తెలీదు, తర్వాతా తెలీలేదు.

వినై కొంతసేపు పొలం మీద పాకుతున్న పొగ వంక చూశాడు. తర్వాత తల వెనక్కి వాల్చి నవ్వాడు. ఓడినవాడి నవ్వు కాదది, మంచి ఎత్తు చూసి మెచ్చుకున్నవాడి నవ్వు. తన మెషీను ముందున్న దండ తీసుకొచ్చి పాత మెషీను ముందు పెట్టి, వంగి దణ్ణం పెట్టాడు. "క్షమించు ముసలోడా," అన్నాడు దానితో. జనం మళ్ళీ కేకలు వేశారు.

చింతచెట్టు కింద హారను మోగింది. వినై అటు తిరిగి నడిచాడు.

"ఎక్కడికిరా కప్పా?"

"ఎక్కడికేంటి. మాటిచ్చాగా."

"సారా తాగి అన్న మాటకి ఎవరు విలువిస్తారురా. ఏజెంటుకి నేను చెప్తాను. మీ బావ చెప్తాడు."

"గురువు దండ ముందు అన్నానక్కా. ఆ మాట తప్పితే ఈ కాలవ మీద ఎవడు నా చేత పేరు చదివిస్తాడు?" అన్నాడు తేలిగ్గా. "రెండేళ్ళేగా. వస్తూ వస్తూ ఇంకా పెద్ద మెషీను తెస్తాను. ఈసారి పొద్దు వాలాకే పందెం. నువ్వు పాకలో కూర్చుని విను, నీ చెవి కంటే మంచిది లేదు ఈ జిల్లాలో."

"బట్టలైనా లేవు కదరా నీ దగ్గర."

వాడు ఆమె చేతిలో సంచి వైపు చూశాడు. ఆమె కూడా చూసుకుంది. తవిన్ చొక్కాలు వాడికి కొంచెం వదులు. రొయ్యపొట్టు కారం మాత్రం వాడికే ఎక్కువ ఇష్టం. మూతి లోపల ఎర్రదారంతో కుట్టిన మొగుడి పేరు విప్పాలని ఆమె గోటితో ఒక కుట్టు లాగింది. హారను మళ్ళీ మోగింది. ఎర్రదారం గట్టిగా కుట్టింది, రాలేదు.

"ఉండనీ అక్కా," అన్నాడు వినై, సంచి భుజాన వేసుకుంటూ. "బావ పేరు చూస్తే అక్కడ కూడా నన్ను వేడెక్కేదాకా ఆగనిస్తారు."

ఉరై నవ్వింది. తవిన్ కూడా నవ్వాడు. వెనక డప్పులు మోగుతున్నాయి, పాత మెషీను మీద ఎవరో ఇంకో పాట పెట్టారు, చల్లబడ్డ నేల మీద అది ఎంత దూరమైనా పోయేట్టుంది. బండి రోడ్డు వంపు తిరిగేదాకా వినై వెనక తలుపు పట్టుకుని నిలబడి, పాటకి తగ్గట్టు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. మాటలన్నీ వినపడుతున్నాయని చెప్తున్నాడని ఆమెకి అర్థమైంది.

అది బౌద్ధ శకం 2526, అంటే 1983, కొత్త సంవత్సరపు సాంగ్‌క్రాన్ పండక్కి ముందు నెల. మూతి లోపల తవిన్ పేరూ ఊరి పేరూ ఉన్న ఆ సంచి 2528లో, వానలు మొదలైన వారం, ఇంటికి తిరిగి వచ్చింది. వినై రాలేదు.